ఒక్క కదలిక చాలు

వేళ్లు సహకరించకపోయినా చదువుతున్నవారు, రాస్తున్నవారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నవారు ఉన్నారు. వారికి కావలసిన సాధనాల్లో చాలావరకు మన ఫోన్లలో, కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి. అందుకోవాల్సింది మన భాష, మన పరీక్ష హాలు, మన ఆఫీసు.

తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద 'స్వాతంత్ర్యం' అని కొట్టి చూడండి. అక్షరం, గుణింతం, పొల్లు, సున్న విడివిడిగా లెక్కేస్తే 12 సార్లు మీట నొక్కాలి. పది వేళ్లూ ఆడేవారికి అది క్షణాల్లో పని. నోట్లో కర్ర పట్టుకుని దాని కొసతో మీటలు నొక్కే మనిషి మాత్రం ఆ ఒక్క మాట కోసం 12 సార్లు మెడ వంచి లేపాలి. పైగా మనం చిన్నదనుకునే మాట కూడా చిన్నది కాదు. అదే కీబోర్డులో 'అమ్మ' అని రాయాలంటే మొదటి అక్షరానికే షిఫ్టు, డి మీటలు రెండూ ఒకేసారి నొక్కాలి. ఒక్క వేలు మాత్రమే పనిచేసే పిల్లకు 'అ' దగ్గరే పని ఆగిపోతుంది.

ఆగనక్కర్లేదు. షిఫ్టు మీటను వరసగా 5 సార్లు నొక్కితే విండోస్ కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది: స్టికీ కీస్ ఆన్ చేయాలా? మనలో చాలామంది ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియక మూసేసినవాళ్లమే. అవునన్నామంటే, షిఫ్టు నొక్కి వదిలేసి తీరిగ్గా తర్వాతి మీట నొక్కవచ్చు. కంప్యూటర్ రెండూ కలిపి నొక్కినట్టే తీసుకుంటుంది. చెయ్యి వణికేవారికి ఫిల్టర్ కీస్ ఉంది. పొరపాటున తగిలిన మీటను, వణుకు వల్ల రెండు మూడుసార్లు పడిన మీటను అది పట్టించుకోదు. మౌస్ పట్టుకోలేనివారు అంకెల మీటలతోనే తెర మీద బాణాన్ని తిప్పుకోవడానికి మౌస్ కీస్ ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని ట్రేస్ సెంటర్ పరిశోధకులు వైకల్యం ఉన్నవారి కోసం రూపొందించిన ఈ సదుపాయాలు విండోస్ 95 నుంచీ కంప్యూటర్‌తో పాటే వస్తున్నాయి. అంటే మన ఊరి ఇంటర్నెట్ సెంటర్‌లోనూ, బడిలోని కంప్యూటర్ గదిలోనూ ఇవి ఉన్నాయి. ఉన్నాయని చూపించే మనిషి కావాలి.

రాతకు చెయ్యే కావాలన్నది మన అలవాటు మాత్రమే. మనిషి తన ఇష్టంతో, నమ్మకంగా, అలసిపోకుండా మళ్లీ మళ్లీ చేయగల కదలిక ఒక్కటుంటే చాలు. అది మోచెయ్యి కావచ్చు, గడ్డం, కనురెప్ప, ఊపిరి, మాట, ఏదైనా కావచ్చు. దాన్ని అక్షరంగా మార్చే సాధనం ఇప్పుడు ఉంది. ఆ సాధనంతో చదువుకున్న బిడ్డను దానితోనే పరీక్ష రాయనివ్వడం, దానితోనే ఉద్యోగం చేయనివ్వడం మిగిలి ఉంది. ఈ కథనంలో చెప్పదలచుకున్నది అదే.

ఏ చెయ్యి, ఎంతవరకు?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవారు 2.68 కోట్లు. వారిలో చలన వైకల్యం ఉన్నవారు 54 లక్షలకు పైనే. కాలు నడవనివారు, చెయ్యి ఆడనివారు అందరూ ఆ ఒక్క అంకెలోనే ఉన్నారు. సదరం శిబిరంలో డాక్టరు పరీక్షించి శాతం వేసి సర్టిఫికెట్ ఇస్తారు. పింఛనుకు, రిజర్వేషన్‌కు ఆ శాతం కావాలి. చదువుకు, పనికి కావలసింది ఇంకో సమాచారం: ఈ మనిషి ఏం కదపగలడు, ఎంతసేపు కదపగలడు?

తాటిచెట్టు మీద నుంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న గీత కార్మికుడిని తీసుకోండి. దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి అతనికి మిగిలే శక్తి మారుతుంది. వైద్యులు సీ5 అనే స్థాయి వరకు నరాలు పనిచేస్తుంటే మోచెయ్యి మడవగలడు గానీ మణికట్టు, వేళ్లు ఆడవు. ఒక్క మెట్టు కిందికి, సీ6 వరకు పనిచేస్తుంటే మణికట్టును పైకి లేపగలడు. ఇక్కడే శరీరం ఒక మేలు చేస్తుంది. మణికట్టును వెనక్కి ఎత్తగానే వేళ్ల స్నాయువులు బిగిసి, వేళ్లు తమంతట తామే ముడుచుకుంటాయి. వేళ్లలో బలం లేకపోయినా ఆ పట్టులో గ్లాసు, పుస్తకం, ఫోను నిలుస్తాయి. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఈ పట్టును ఓపికగా నేర్పిస్తారు. వేళ్లు అసలే ఆడనివారికి అరచేతి చుట్టూ ఒక పట్టీ కట్టి, అందులో పెన్సిల్‌ను రబ్బరు వైపు కిందికి ఉండేలా దూరుస్తారు. భుజం, మోచెయ్యి కదిపి దానితో టైపు చేయవచ్చు. చర్మకారుడో, దర్జీనో కుట్టివ్వగల ఆ పట్టీ లక్షల రూపాయల పరికరం చేసే పని చేస్తుంది.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల సంగతి వేరు. వారి చెయ్యి కదులుతుంది, కానీ అనుకున్న చోటికి పోదు. కీబోర్డు మీద రంధ్రాలున్న పలకను అమర్చితే చెయ్యిని దాని మీద ఆనించి, కావలసిన రంధ్రంలోకి వేలు దించవచ్చు. పక్క మీటలు తగలవు. మస్క్యులర్ డిస్ట్రోఫీలో చాలాసార్లు దీనికి భిన్నమైన పరిస్థితి కనిపిస్తుంది. భుజం లేవదు, చెయ్యి బల్ల మీద నుంచి కదలదు, కానీ వేళ్ల కొసల్లో చిన్న కదలిక చాలాకాలం నిలుస్తుంది. అలాంటి బిడ్డకు పెద్ద కీబోర్డు దండగ. వేలి కిందే తిరిగే చిన్న ట్రాక్‌బాల్, తెర మీది కీబోర్డు ఇస్తే పుస్తకమంతా రాయగలడు. కీళ్లవాతం ఉన్నవారికి అన్నీ కదులుతాయి, కానీ గంట తర్వాత నొప్పి కూర్చోనివ్వదు. రైటర్స్ క్రాంప్ అనే సమస్యలో చెయ్యి అన్నం కలుపుతుంది, బండి నడుపుతుంది, కలం పట్టగానే బిగుసుకుపోతుంది. చూసేవారికి వేషం వేస్తున్నట్టు అనిపించడం వల్ల వీరు పడే అవమానం అదనం. ఇక హై టెన్షన్ తీగ తగిలి, గడ్డి కోసే మిషన్‌లో పడి చేతులే పోయినవారు మన పల్లెల్లో తక్కువేం కాదు. వీరిలో కాలివేళ్లతో రాయడం నేర్చుకున్నవారూ ఉన్నారు.

ఇంత తేడా ఉన్నప్పుడు అందరికీ ఒకే వస్తువు పంచితే సరిపోదు. పరికరాలు ఎంతగా మూలన పడతాయో 1993లో అమెరికాలో ఫిలిప్స్, జావో అనే పరిశోధకులు లెక్కగట్టారు. సహాయక పరికరాలు వాడే 227 మందిని అడిగితే, వారు తీసుకున్న పరికరాల్లో 29.3 శాతం పూర్తిగా మూలన పడ్డాయని తేలింది. పరికరం ఎంచుకునేటప్పుడు వాడబోయే మనిషి అభిప్రాయం అడగకపోవడం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. మన దేశంలో ఉపకరణాల పంపిణీకి కేంద్రం నడిపే ఏడిఐపీ పథకం 1981 నుంచీ ఉంది. శిబిరాల్లో మూడు చక్రాల బండ్లు, వీల్‌చైర్లు, వినికిడి యంత్రాలు ఇస్తారు. అవి కావలసినవే. వాటి వరసలోనే రంధ్రాల పలక, అరచేతి పట్టీ, ఒక మీట స్విచ్చు కూడా ఉండాలి. పక్కన కూర్చుని, 'ఏది కదుపుతావు నాన్నా, చూపించు' అని అడిగే థెరపిస్టు ఉండాలి.

చెంప బిగిస్తే అక్షరం

ఒక్క కదలికతో ఎంత దూరం వెళ్లవచ్చో చూపడానికి స్టీఫెన్ హాకింగ్ కంటే పెద్ద సాక్ష్యం లేదు. 1963లో, 21 ఏళ్ల వయసులో ఆయనకు నరాల జబ్బు బయటపడింది. 1985లో న్యుమోనియా వచ్చినప్పుడు ప్రాణం నిలపడానికి గొంతుకు రంధ్రం చేయాల్సి వచ్చింది. మాట పోయింది. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని వాల్ట్ వోల్టోజ్ ఈక్వలైజర్ అనే ప్రోగ్రాము పంపించాడు. కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ మేసన్ ఒక చిన్న కంప్యూటర్‌ను ఆయన చక్రాల కుర్చీకే అమర్చాడు. తెర మీద మాటల వరసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతుంటాయి. కావలసినది వెలిగినప్పుడు చేతిలోని స్విచ్చు నొక్కాలి. నిమిషానికి 15 మాటల దాకా అలా సాధించాడు. 1988లో వెలువడిన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్' తుదిరూపు ఆ పద్ధతిలోనే వచ్చింది.

తర్వాత ఆ చెయ్యి కూడా ఆగింది. అప్పుడు కళ్లద్దాలకు ఒక ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ తగిలించారు. చెంప కండరం బిగిస్తే అది గుర్తించేది. జబ్బు ముదిరేకొద్దీ వేగం నిమిషానికి ఒకటి రెండు మాటలకు పడిపోతుంటే ఇంటెల్ ఇంజినీర్లు ఆయన దగ్గర కూర్చుని కొత్త సాఫ్ట్‌వేర్ రాశారు. ఆయన పాత రచనలను చదివించి, తర్వాతి మాటను ముందే ఊహించే ఏర్పాటు చేశారు. ఏక్యాట్ అనే ఆ సాఫ్ట్‌వేర్‌ను 2015లో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. 2018 మార్చి 14న చనిపోయేదాకా హాకింగ్ పరిశోధకుడిగా, రచయితగానే బతికాడు.

ఆయనకు ఇంటెల్ ఇంజినీర్లు దొరికారు, మనకెవరు దొరుకుతారు అనిపించవచ్చు. అప్పట్లో ప్రత్యేకంగా చేయించుకోవలసి వచ్చిన ఆ పద్ధతి ఇప్పుడు మామూలు ఫోన్లలో ఉంది. ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్, ఐఫోన్‌లో స్విచ్ కంట్రోల్ అని సెట్టింగుల్లో వెతకండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఫోను ముందు కెమెరా ముఖకవళికలనే స్విచ్చుగా తీసుకుంటుంది. నోరు తెరవడం, చిరునవ్వు, కనుబొమలు ఎగరేయడం, వీటిలో ఏదైనా ఒక మీట కావచ్చు. 2024లో ఐఓఎస్ 18తో, ముందు కెమెరా సాయంతో కంటిచూపుతోనే ఐఫోన్‌ను నడిపే వీలు వచ్చింది. కంప్యూటర్‌కు వెబ్‌క్యామ్ ఉంటే తల కదలికతో బాణాన్ని నడిపే కెమెరా మౌస్‌ను బోస్టన్ కాలేజీ ఉచితంగా ఇచ్చింది. వైద్య అవసరాలకు విడిగా అమ్మే కనుచూపు పరికరాల ధర ఇప్పటికీ లక్షల్లో ఉంటుంది. ముందు ఉచితంగా ఉన్నవి ప్రయత్నించి, అవి చాలవని తేలాకే ఆ ఖర్చు గురించి ఆలోచించమని నా సలహా.

ఒక జాగ్రత్త. తలతో గంటలకొద్దీ పనిచేస్తే మెడ పట్టేస్తుంది, గొంతుతో చేస్తే గొంతు బొంగురుపోతుంది. మిగిలిన ఒక్క కదలికను అరగదీసుకోకూడదు. రెండు పద్ధతులు నేర్చుకుని మార్చి మార్చి వాడటం మంచిది.

తెలుగు వింటుంది, ఆజ్ఞ వినదు

చెయ్యి ఆడనివారికి అన్నిటికన్నా వేగమైన కలం నోటి మాట. 2017 ఆగస్టులో గూగుల్ కీబోర్డుకు తెలుగు చెబితే టైపు చేసే వీలు వచ్చింది. అంతకుముందు రోజుకో పేజీ రాయలేనివారు ఇప్పుడు ఫోనుతో మాట్లాడి గంటలో నాలుగు పేజీలు రాస్తున్నారు. 12 మీటల 'స్వాతంత్ర్యం' ఒక్క ఊపిరిలో తెర మీద పడుతుంది. ఒత్తులూ షిఫ్టులూ ఉన్న మన లిపికి మాట చేసినంత మేలు ఇంగ్లిష్‌కు కూడా చేయలేదేమో.

సమస్య మాట పడ్డాక మొదలవుతుంది. పడిన పేరాలో మూడో వాక్యం తీసేయాలి, ఒక మాట మార్చాలి, పై పేరా కిందికి దించాలి. రాయడమంటే సగం దిద్దుకోవడమే. గూగుల్ డాక్స్‌లో తెలుగులో చెబితే రాస్తుంది గానీ, దిద్దే ఆజ్ఞలు ఇంగ్లిష్‌కే పరిమితం. కంప్యూటర్ మొత్తాన్ని మాటతో నడిపే విండోస్ వాయిస్ యాక్సెస్, ఆపిల్ వాయిస్ కంట్రోల్ లాంటివి కూడా తెలుగు ఆజ్ఞలు తీసుకోవు. తెలుగు మీడియంలో చదివే పిల్ల తన భాషలో వ్యాసం చెప్పగలదు, దాన్ని దిద్దుకోవడానికి మాత్రం మళ్లీ పక్కనున్నవారిని పిలవాలి. ఆమె స్వతంత్రం అక్కడ ఆగిపోతోంది.

రెండో సమస్య ఇంకా లోతైనది. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో చాలామందికి చేతితో పాటు ఉచ్చారణ కూడా తడబడుతుంది. ఇంట్లో అమ్మకు ప్రతి మాటా అర్థమవుతుంది, యంత్రానికి అర్థం కాదు. ఎందుకంటే యంత్రానికి అలాంటి గొంతులు ఎవరూ వినిపించలేదు. ఇంగ్లిష్‌లో ఈ లోటు తీర్చడానికి గూగుల్ 2019లో ప్రాజెక్ట్ యుఫోనియా ప్రకటించి, తడబడే గొంతులను సేకరించింది. మన భాషలకు కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి ప్రారంభించింది. మద్రాస్ ఐఐటీలోని ఏఐ ఫర్ భారత్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తెలుగు మాటను గుర్తించే పరిశోధన చేస్తున్నాయి. శ్రీకాకుళం యాసను, ఆదిలాబాద్ యాసను సేకరించినట్టే తడబడే తెలుగునూ సేకరించాలి. ఆ గొంతుల యజమానులకే ఈ సాధనం అందరికన్నా ఎక్కువ అవసరం.

పరీక్ష హాల్లో

ఏడాదంతా ఇలా చదివిన బిడ్డ మార్చి నెలలో పరీక్ష హాలుకు వెళుతుంది. అక్కడ ఆమె సాధనాలేవీ ఉండవు. పక్కన, చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ ఒకరు ఉంటారు.

స్క్రైబ్ ఏర్పాటు ఎంతోమందిని గట్టెక్కించింది. తమ చదువు పక్కన పెట్టి వచ్చే పిల్లల మంచితనానికి చేతులెత్తి మొక్కాలి. అయినా స్క్రైబ్‌తో రాయడం సొంతంగా రాయడం కాదు. సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. మోసం జరగకుండా పెట్టిన నియమం అది. దాని ఫలితంగా, అర్థశాస్త్రం పేపర్లో 'ద్రవ్యోల్బణం' అనగానే ఎదుటి చెల్లి కలం ఆపుతుంది. 'అక్కా, బణంలో నా, ణా?' ఒక్కో అక్షరం చెబుతూ పోతే గడియారం ఆగదు. లెక్కల పేపర్ మరీ కష్టం. 'ఎక్స్ స్క్వేర్ ప్లస్ టూ ఎక్స్ బై త్రీ' అని చెబితే, మూడుతో భాగించేది మొత్తాన్నా, రెండో పదాన్నా? కాగితం చూస్తూ ఆలోచించే మెదడు ఇంకొకరి చేతిలో ఉన్న కాగితాన్ని ఊహించుకుంటూ ఆలోచించాలి. రాసింది మళ్లీ చదివించుకోవాలంటే మొహమాటం. చెప్పింది తప్పు పడితే మార్కులు పోయేది చెప్పినవారివే.

మరో దారి ఉండవచ్చని అదే మార్గదర్శకాలు ఒప్పుకున్నాయి. 2018 ఆగస్టు 29 నాటి ఆ పత్రం, వీలైనంతవరకు కంప్యూటర్‌లో పరీక్ష రాసే ఎంపిక అభ్యర్థికి ఇవ్వాలంది. సొంత ల్యాప్‌టాప్ కుదరదన్నా, తనకు అమరిన కీబోర్డు, మౌస్ తెచ్చుకోవచ్చంది. ముందురోజే వచ్చి కంప్యూటర్‌ను సరిచూసుకోవచ్చంది. గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలంది. రెండు చేతులూ దెబ్బతిన్నవారికి, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి స్క్రైబ్ కోసం వేరే సర్టిఫికెట్ అడగకూడదంది. అదే ఏడాది సీబీఎస్ఈ ఇంకో అడుగు ముందుకు వేసింది. ప్రత్యేక అవసరాలున్న విద్యార్థి ఫార్మాట్ చేసిన సొంత కంప్యూటర్ తెచ్చుకుని, ఇంటర్నెట్ లేకుండా, అందులోనే జవాబులు టైపు చేయవచ్చంది. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ ఏం చెబుతుందో ముందే చూసుకోవాలి.

శాతం తక్కువగా ఉన్నవారికి 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తలుపు తెరిచింది. రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించడం చెల్లదని చెప్పింది. వికాస్ కుమార్ కేసుగా పేరుపడ్డ ఈ తీర్పు రాసింది జస్టిస్ డి.వై. చంద్రచూడ్. దాన్ని అనుసరించి 2022 ఆగస్టులో కేంద్రం 40 శాతం లోపు వారికీ మార్గదర్శకాలు ఇచ్చింది. రాయలేకపోతున్నారా లేదా అన్నదే ప్రశ్న, శాతం కాదు. నా దృష్టిలో మన విద్యా చరిత్రలో గుర్తుంచుకోవాల్సిన తీర్పుల్లో ఇదొకటి.

కొలువులో

2013లో అమెరికాలో జరిగిన పైథాన్ ప్రోగ్రామర్ల సదస్సులో టావిస్ రడ్ అనే ఇంజినీరు వేదిక మీదే మాటలతో ప్రోగ్రాము రాసి చూపించాడు. అదేపనిగా టైపు చేసి చేతులు పాడైతే, చిత్రమైన చిన్న చిన్న శబ్దాలతో సొంత ఆజ్ఞల భాష తయారు చేసుకున్నాడు. ఇప్పుడు ఆ పనికి టాలన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో ఏ, బీ, సీ అనరు. ఒకదానితో ఒకటి కలగాపులగం కాకుండా ఎయిర్, బ్యాట్, క్యాప్ అంటారు. మాదాపూర్, గచ్చిబౌలిలో రోజుకు పది గంటలు కీబోర్డు మీద ఉండే యువతీయువకులకు మణికట్టు నొప్పి కొత్త కాదు. ఉద్యోగం మానేసే ముందు ఈ దారి ఒకటుందని వారికి తెలియాలి. సంస్థ ఇవ్వాల్సింది ఒక మంచి మైకు, తలుపు మూసుకునే ఒక చిన్న గది.

అది దయ కాదు, చట్టం. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సముచిత ఏర్పాట్లు నిరాకరించడం వివక్షే అంటుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇస్తుంది. సర్వీసులో ఉండగా చెయ్యి పోయిన లైన్‌మన్‌ను, టీచరమ్మను తొలగించరాదని, హోదా తగ్గించరాదని 20వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలకు చెబుతుంది. తగిన పోస్టు ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి. వైద్యవిద్యలో చేరడానికి రెండు చేతులూ సంపూర్ణంగా ఉండాలన్న నిబంధనను 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. చేతులు ఎలా ఉన్నాయని కాదు, సాయంతో ఏం చేయగలరో చూడాలని చెప్పింది.

చిన్న చిన్న అడ్డంకులే ఎక్కువ ఏడిపిస్తాయి. వేలిముద్ర పడితేనే హాజరు, కొన్ని క్షణాల్లో కొడితేనే ఓటీపీ. చేతులు లేని ఖాతాదారు కాలివేలి ముద్ర వేసినా చెల్లుతుందని రిజర్వు బ్యాంకు చెప్పినా, కౌంటర్ దగ్గర వాదించాల్సి వస్తుంది. వేలిముద్ర ఉన్న ప్రతిచోటా ఇంకో మార్గం ఉండి తీరాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. జూన్‌లో బడి తెరవగానే బిడ్డ ఏ సాధనంతో రాస్తుందో ప్రధానోపాధ్యాయుడికి కాగితం మీద రాసివ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. ఇంట్లో పరీక్షలు కూడా ఆ సాధనంతోనే రాయించండి. పరీక్ష ఫీజు కట్టే నాటికి ఆ ఏడాది నిబంధనల ప్రతి మీ చేతిలో ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల పదో తరగతి, ఇంటర్ బోర్డులను కోరేది ఒక్కటే. దరఖాస్తులో 'స్క్రైబ్ కావాలా' అన్న ప్రశ్న పక్కనే 'మీరు దేనితో రాస్తారు' అన్న ప్రశ్న కూడా చేర్చండి. కంప్యూటర్, మాట, స్విచ్చు, కాలు, వీటిలో విద్యార్థి ఏది రాస్తే దానికి ఏర్పాటు చేయండి.